కొలువు లేని వస్తాదు

తెలుగునాట ఏ పల్లెలోనైనను బియ్యపు బస్తాను ఒంటిచేత ఎత్తబోయిన కుర్రవానిని చూచి, "ఏమిరా, నీవేమైన దారాసింగువా?" అని పెద్దలు పరిహసించుట కలదు. ఆ మాట అనినవారిలో చాలమంది దారాసింగు కుస్తీని కన్నులార చూచినవారు కారు. కొందరు పాత హిందీ చిత్రములలో ఆయనను చూచిరి. అంతకంటె ఎక్కువమంది 1987లో దూరదర్శనమున రామాయణము ప్రసారమైనప్పుడు హనుమంతుని వేషమున చూచిరి. ఐనను ఆ పేరు ఒక మనుష్యుని పేరుగ నిలువక బలమునకు మారుపేరైపోయినది. పంజాబులోని ఒక రైతు బిడ్డ పేరు శ్రీకాకుళము మొదలు ఆదిలాబాదు వరకు, నిఘంటువున కెక్కకుండగనే, వాడుక మాట యగుట సామాన్యము కాదు.

ఈ కీర్తి యెట్లు వచ్చినదని అడిగినచో రెండు విధముల సమాధానములు వినబడును. "అతడు పరదేశము పోయెను గనుక పైకి వచ్చెను, ఇచ్చటనే యుండినచో ఊరి గోదాలో మట్టి పూసికొనుచు ముసలివాడై యుండును" అనువారు కొందరు. "అదంతయు ముందుగ మాటలాడుకొన్న కుస్తీ, టిక్కెట్ల వ్యాపారము; దాని కింత గౌరవమేల?" అనువారు మరికొందరు. మొదటివారికి ఓడ యెక్కినవాడెల్ల ఘనుడుగ కనబడును. రెండవవారి మాటలో కొంత నిజమున్నది, దానిని తరువాత విచారింపవచ్చును. కాని ఇరువురును ఒక చిన్న ప్రశ్నను దాటిపోవుచున్నారు. మల్లుని తిండి ఖర్చు ఎవరు భరింపవలెను?

మల్లవిద్య మిక్కిలి ఖర్చుతో కూడిన విద్య. గాయకునికి తంబుర యున్న చాలును, కవికి కాగితమున్న చాలును. వస్తాదునకు ప్రతిదినము పాలు, నేయి, బాదము, మాంసము సమకూడవలెను. గామా పహిల్వాను తిన్న బాదముల లెక్క చెప్పువారందరును చెప్పినప్పుడెల్ల మరియొక గుప్పెడు చేర్చుచు వచ్చిరి గనుక ఆ లెక్కను నమ్ముటకు వీలులేదు. ఐనను విషయము స్పష్టమే. తెల్లవారుజామున లేచి వందలకొలది దండీలు, బస్కీలు తీసినవాడు మధ్యాహ్నము నాగలి పట్టలేడు. అతనిని పోషించు వాడొకడు కావలెను. తరతరములుగ ఆ పని సంస్థానాధీశులు చేసిరి. కొలువులో ఏనుగులు, గుఱ్ఱములు, గాయకులు ఉన్నట్లే మల్లులును ఉండిరి. మల్లుడు గెలిచినచో రాజు గెలిచినట్లు.

గామా కథ ఈ పద్ధతికి శిఖరము. 1910లో అతడు లండను పోయినప్పుడు ఖర్చు పెట్టుకొన్నవాడు బెంగాలు ధనికుడొకడు. అచ్చటి పోటీ నిర్వాహకులు ఈ పొట్టి మనిషిని చూచి చేర్చుకొన నిరాకరించిరట. అతడు నాటకశాల నుండి అందరికిని సవాలు విసరెను. ఆగస్టులో అమెరికా వైద్యుడును మల్లుడును ఐన బెంజమిన్ రోలరును ఒకే పూట రెండు మారులు వెల్లకిల పడవేసెను. సెప్టెంబరు 10న పోలెండు దేశస్థుడు స్టానిస్లాస్ జ్బిష్కో ఎదురు నిలిచెను. నిలిచెననుట కంటె పడుకొనెననుట సరియైన మాట. రెండున్నర గంటలకు పైగా ఆ మహాకాయుడు చాపను కరచికొని లేవక, వీపు తిప్పక కాలము గడపెను. వారము దినముల తరువాత మరల పోటీ పెట్టగా అతడు రానేలేదు. గామా విజయ చిహ్నమైన నడికట్టును తీసికొని ఇంటికి వచ్చెను. ఇంటికి వచ్చుట యనిన కొలువునకు వచ్చుట. 1928లో పటియాలాలో అదే జ్బిష్కోను ఒక నిమిషము లోపున పడగొట్టినప్పుడును ఆ వేడుక మహారాజు ఏర్పాటే. గామాకు పరదేశము దిగ్విజయ యాత్ర, బ్రతుకుతెరువు కాదు.

1947 వచ్చెను. దేశము రెండయ్యెను, కొలువులు మాసిపోయెను. గామా లాహోరులో ఉండిపోయెను. జబ్బుపడిన చివరి సంవత్సరములలో ఆ మహామల్లుని ఇల్లు గడచుటకు ప్రభుత్వము ఇచ్చిన సహాయము, సరిహద్దు కీవలనుండి బిర్లా వంటి వారు పంపిన ధనము ఆధారమయ్యెను. 1960లో ఆయన మరణించెను. ఆయన విద్యలో లోపమేమియు లేదు. ఆ విద్యను నిలిపిన పునాది పోయెను, అంతే.

కొలువు లేకుండ బ్రతుకుట ఎట్లన్న ప్రశ్నను తెలుగువా డొకడు అంతకు చాలకాలము ముందే ఎదుర్కొనెను. కోడి రామ్మూర్తినాయుడు వీరఘట్టమున పుట్టి, మదరాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరమున బడిలో వ్యాయామోపాధ్యాయుడుగ పనిచేసెను. ఆ జీతము సంసారమునకు చాలవచ్చును గాని ఆ శరీరమునకు చాలదు. అతడు సర్కసులో చేరి, దానికి తానే నాయకుడై, ఛాతీపై ఏనుగు నెక్కించుకొనెను, ఇనుప గొలుసులు త్రెంచెను, పరుగిడు కార్లను నిలిపివేసెను, సముద్రము దాటి ఇంగ్లండు రాజదంపతుల మెప్పు పొందెను. టిక్కెట్టు కొన్నవాడే రాజని ముందుగ గ్రహించినవారిలో అతడొకడు. ఐనను అతని చివరి దినములును ఒడిశాలోని బలాంగీరున, పట్నా సంస్థానపు నీడలోనే గడచెను. 1942లో అచ్చటనే కన్నుమూసెను. కలకత్తా గోబర్‌బాబు మార్గము వేరు. కలిగిన కుటుంబమున పుట్టిన జతీంద్రచరణ గుహ కొన్ని సంవత్సరములు అమెరికాలో ఉండి, 1921లో శాన్‌ఫ్రాన్సిస్కోలో యాడ్ సాంటెల్‌ను ఓడించి ప్రపంచ విజేత అనిపించుకొనెను. ఇంట కలిమి గలవానికి పరదేశపు ఓటమి భయము కలిగింపదు. తిరిగి వచ్చుటకు ఇల్లున్నది.

దారాసింగు కట్టి వీలు లేదు. 1928 నవంబరులో అమృతసరము జిల్లా ధర్మూచక్ గ్రామమున రైతు కుటుంబములో పుట్టిన ఆ యువకుడు, దేశ విభజన మంటలు పంజాబును కాల్చుచున్న 1947-48 ప్రాంతమున, ఇరువది యేండ్లు నిండకముందే సింగపూరు చేరెను. కుస్తీ పట్టి పేరు పొందవలెనని ఓడ యెక్కలేదు, పనికొరకు ఎక్కెను. అచ్చట సిక్కులు అప్పటికే పోలీసులుగను, కావలివాండ్రుగను స్థిరపడి యుండిరి. ఇతనికి పీపాలు తయారుచేయు మిల్లులో పని దొరకెను. ఆరడుగుల పైన రెండంగుళముల పొడుగు, దానికి తగిన భుజములు. అట్టి మనిషి ఇనుప పీపాల నడుమ ఎంతకాలము దాగియుండగలడు? తోటి పంజాబీలు గుర్తించిరి. గ్రేట్ వరల్డ్ ఆవరణలో హర్నామ్‌సింగు అను గురువువద్ద శిక్షణ మొదలయ్యెను.

ఈ గ్రేట్ వరల్డును గురించి కొంత చెప్పవలెను. దారాసింగు నిజముగ చదువుకొన్న బడి అదియే. అప్పటి సింగపూరులో మూడు వినోదవనము లుండెడివి: న్యూ వరల్డ్, గ్రేట్ వరల్డ్, హ్యాపీ వరల్డ్. సినిమా, చీనా నాటకము, నాట్యశాల, తినుబండారముల అంగళ్లు, బాక్సింగు అరుగు, అన్నియు ఒకే ప్రహరీ లోపల. తిరునాళ్లు ఏడాదికొకమారు కాక ప్రతి సాయంకాలము జరిగినట్లు ఊహించుకొనవలెను. అందు కుస్తీ చూడ వచ్చువారెవరు? చీనా దుకాణదారు, మలయా గుమాస్తా, అరవ కూలి, పంజాబీ కావలివాడు, సెలవు దొరకిన బ్రిటిషు సిపాయి. ఒకని భాష మరియొకనికి రాదు.

పల్లె గోదా సంగతి అట్లు కాదు. చుట్టు కూర్చున్న ముసలివారందరును ఒకప్పుడు ఆ మట్టిలో దొర్లినవారే. కాలు పెనవేసిన తీరు చూచి తరువాతి పట్టు ఏదియో చెప్పగలరు. అచ్చట మల్లుడు తన విద్యను విప్పి చూపవలసిన అవసరము లేదు. రెండు భుజములు నేల తాకిన వెంటనే కథ ముగియును. గ్రేట్ వరల్డులో మట్టి లేదు, చాప యున్నది. హద్దు గీత లేదు, నాలుగు ప్రక్కల త్రాళ్లున్నవి. ఒక పట్టు కాదు, అనేక ఆవృత్తములున్నవి. అన్నిటికంటె ముఖ్యముగ, చివరి బల్లమీద కూర్చుండి వేరుసెనగలు నములు మనుష్యునికి ఎవడు న్యాయముగ పోరుచున్నాడో, ఎవడు దొంగదెబ్బ తీసెనో, ఎవని చేయి మెలిపడి నొప్పి పుట్టినదో ఒక్క మాట చెప్పకుండ తెలియవలెను. నాలుగు భాషల పిల్లలు కూర్చున్న తరగతిలో పాఠము చెప్పిన ఉపాధ్యాయునికి ఈ కష్టము తెలియును. ఆయన తనకు తెలిసినదానిని తగ్గించుకొనడు, దానిని కంటికి కనబడునట్లు చేయును. దారాసింగు నేర్చినది అదియే.

తార్లోక్‌సింగును ఓడించి అతడు మలయా విజేత అయ్యెను. అచ్చటినుండి ఊరూర, దేశదేశమున కుస్తీలు. ఎవని కొలువును లేదు, ఎవని జెండాయు లేదు. ఆ రాత్రి జనము వచ్చినచో కూలి, రానిచో లేదు. గామాకు రాజు కోపింపకుండ చూచుకొనుట ఒక్కటే చింత. ఈ స్వతంత్ర మల్లునికి వేయిమంది కోపింపకుండ చూచుకొనవలసిన చింత. స్వతంత్రత యని పేరు పెట్టుకొన్నంత మాత్రమున అది సుఖముగ ఉండదు.

ఈ విధముగ తరిఫీదు పొందిన మనిషి స్వదేశమునకు తిరిగివచ్చి, 1954లో బొంబాయిలో టైగర్ జోగిందర్‌సింగును ఓడించి రుస్తుం-ఎ-హింద్ బిరుదు పొందెను. వెండి కప్పును అందించినవారు కాశ్మీరు మహారాజు హరిసింగుగారు. ఈ దృశ్యమున ఒక విశేషమున్నది. ఆ మహారాజునకు అప్పటికి రాజ్యము లేదు. ఆయన బొంబాయిలో కాపురముండిరి. పూర్వమైనచో ఆ మల్లుని జీవితాంతము పోషింపదగిన చేతులు, ఇప్పు డొక కప్పు మాత్రము ఇచ్చెను. మిగిలిన పోషణ గేటువద్ద వరుస కట్టి నిలిచిన బొంబాయి మిల్లు కార్మికులు, గుమాస్తాలు చూచుకొనిరి.

వారిని గుంపులుగ రప్పించినవాడు దారాసింగు ఒక్కడే కాడు. కింగ్‌కాంగ్ అను పేరుతో ప్రసిద్ధుడైన ఎమిల్ చాజా అందు సగపాలు. అతడు హంగరీవాడు, సుమారు 180 కిలోల బరువు. అతడును పుట్టిన దేశము విడిచి ఈ వైపునకు వచ్చి, సింగపూరులో స్థిరపడి, 1970లో కారు ప్రమాదపు గాయములతో అచ్చటనే మరణించెను. ఒకడు పశ్చిమమునుండి తూర్పునకు వచ్చెను, ఒకడు పడమటి పంజాబుకు అంచున పుట్టి మరింత తూర్పునకు పోయెను. ఇరువురును పరదేశులుగనే కలిసికొనిరి. జనము మాత్రము వారిలో రామరావణులను చూచెను. 1959లో కలకత్తాలో దారాసింగు కెనడావాడైన జార్జి గోర్డియెంకోను ఓడించి కామన్‌వెల్త్ విజేత అయ్యెను. 1968 మే నెలలో బొంబాయిలో అమెరికా మల్లుడు లూ థెజ్‌ను ఓడించి ప్రపంచ విజేత అనిపించుకొనెను. థెజ్ ఆనాటికి ఏబది రెండేండ్ల వాడు. అమెరికాలో అతని ప్రధాన బిరుదును జీన్ కినిస్కీ 1966లోనే గెలుచుకొని యుండెను. కనుక బొంబాయిలో చేతులు మారిన ప్రపంచ బిరుదు ఏ ప్రపంచమునకు సంబంధించినదో విద్యార్థి అడిగినచో ఉపాధ్యాయుడు కొంచెము తడబడక తప్పదు. ఐతే ఆ థెజ్, విద్య తెలిసిన మల్లులను ఉత్త వేషధారులనుండి వేరుచేసి చూచుటలో గడుసువాడు, దారాసింగును అసలైన మల్లుడుగనే లెక్కించెను.

ఇచ్చట రెండవవారి ఆక్షేపణకు రావలసియున్నది. టిక్కెట్టు కుస్తీలలో జయాపజయములు తరచుగ నిర్వాహకులు ముందుగ నిర్ణయించునవే. ఇది ఒక్క భారతదేశపు సంగతి కాదు. అమెరికాలోను, ఐరోపాలోను అంతే. దీనిని దాచుటలో ప్రయోజనము లేదు. కాని "అబద్ధము" అని ఒక్క మాటతో కొట్టివేయుటకు ముందు, అందు అబద్ధ మెంత, నిజమెంత అని విడదీయవలెను. 180 కిలోల మనిషిని భుజముల మీది కెత్తుట అబద్ధము కాదు. అతడు నడుము మీద పడినప్పుడు విరిగెడి యెముక అబద్ధము కాదు. ఒక ఊరినుండి మరియొక ఊరికి రైలులో పోయి మరునాడు మరల పడుట అబద్ధము కాదు. ఎవడు గెలుచునన్నది మాత్రమే ముందు తెలిసినది. కీచకవధ నాటకమునకు పోయిన ప్రేక్షకునికి కూడ ఎవడు చచ్చునో ముందే తెలియును. భీముని వేషధారి నిజముగ బలము గలవాడైనచో అతడు మరింత సంతోషించును.

ఐతే ఈ పోలిక ఒకచోట తెగిపోవును. నాటక సమాజము కరపత్రములో నాటకమని అచ్చు వేయును. కుస్తీ నిర్వాహకుడు అట్లు వేయడు. "తుది తేల్చు పోరు" అని వేయును. పది పైసల బల్లమీద కూర్చున్న కూలివాడు తన వాడు గెలిచెనని ఇల్లు చేరువరకు ఎగిరి గంతులు వేయును. అతని ఆనందము నిజమైనది, అతనికి చెప్పిన మాట మాత్రము నిజము కాదు. ఆ దోషము దారాసింగు ఒక్కనిది కాకపోవచ్చును గాని ఆయన కీర్తిలో దానికిని పాలున్నది. మెచ్చుకొనువారు ఈ సంగతిని మ్రింగివేయుట న్యాయము కాదు.

న్యాయము కాదనుటకు బలమైన కారణము మరియొకటి కలదు. అదే కాలమున ఖాషాబా దాదాసాహెబ్ జాధవ్ అను మరియొక మల్లుడుండెను. మహారాష్ట్రలో కరాడ్ దగ్గరి గోళేశ్వర్ అతని ఊరు. దారాసింగు సింగపూరులో పీపాలు చేయుచున్న దినములలో, 1948లో, అతడు లండను ఒలింపిక్ క్రీడలకు పోయెను. ఖర్చు కొల్హాపురము మహారాజు పెట్టుకొనెను. చాపమీది కుస్తీ అతనికి క్రొత్త. ఆరవ స్థానము వచ్చెను. నాలుగేండ్ల తరువాత 1952లో హెల్సింకీకి పోవలసి వచ్చెను. ఈలోగా రాజ్యములు పోయినవి. ప్రభుత్వపు సహాయము చాలలేదు. అతడు ఇల్లిల్లు తిరిగి చందాలు పోగుచేసెను. చాలకపోగా అతడు చదివిన కొల్హాపురము రాజారామ్ కళాశాల ప్రిన్సిపాలు ఖర్డేకర్‌గారు తమ ఇల్లు తాకట్టుపెట్టి 7000 రూపాయలు తెచ్చి ఇచ్చిరి. జాధవ్ కంచు పతకముతో తిరిగివచ్చెను. స్వతంత్ర భారతమునకు వ్యక్తిగతముగ లభించిన మొదటి ఒలింపిక్ పతకము అది. అట్టిది రెండవది 1996లో వచ్చినది. నలుబది నాలుగేండ్లు పట్టినది.

ఆ పతకమున ముందుగ మాటలాడుకొన్నది ఏమియు లేదు. ప్రతి పట్టునకు న్యాయనిర్ణేత యున్నాడు. ఐనను ఆ పేరుతో బియ్యపు బస్తా ఎత్తిన కుర్రవానిని పరిహసించినవారు లేరు. జాధవ్ 1955లో పోలీసు సబిన్‌స్పెక్టరు ఉద్యోగములో చేరెను. 1984లో రోడ్డు ప్రమాదమున మరణించెను. 2000 సంవత్సరపు అర్జున బహుమానము అతని మరణానంతరము ప్రకటించిరి. ఆ లోపున దారాసింగు నూరుకు పైగా చిత్రములలో నటించి, 1978లో మొహాలీలో స్వంత స్టూడియో కట్టి, 1983లో ఢిల్లీలో కుస్తీకి సెలవు చెప్పి, 2003 నుండి 2009 వరకు రాజ్యసభలో నియమిత సభ్యుడుగ కూర్చుండెను. 2012 జూలైలో ఆయన మరణించినప్పుడు దేశమంతయు దుఃఖించెను.

ఈ ఇద్దరిని ఎదురెదురు నిలిపి ఒకరిని పెద్ద, ఒకరిని చిన్న చేయుట ఉద్దేశము కాదు. ఇద్దరును పేద గోదాలనుండి వచ్చినవారే. ఒకరు పరదేశము పోయి అచ్చటి జనమును పోషకులుగ చేసికొనుట నేర్చిరి, ఒకరు పరదేశము పోయి పోటీచేసి, పతకము తెచ్చి, జీతపు ఉద్యోగములో చేరిరి. మొదటివాడు ఓడ యెక్కుట సాహసమని పొగడువారు, అతనికి ఇంటివద్ద మరియొక దారి ఏది యుండెనో చెప్పగలరా? రాజు పోయిన తరువాత గణతంత్రము మల్లునికి చూపిన మార్గములు రెండే: సింగపూరు మిల్లు, లేదా గురువుగారి ఇంటి దస్తావేజు. ఓడ యెక్కినవాని ఘనత కొంత తగ్గించియైనను, ఎక్కక తప్పని పరిస్థితిని పెద్దది చేసి చూపుట అవసరము. పరదేశము అతనికి బలము ఇయ్యలేదు. ఆ భుజములు అమృతసరపు గోధుమలతో పెరిగినవి. బలమునకు కూలి యిచ్చుపద్ధతి మాత్రము ఆ దేశమున దొరకెను.

ఆ దారి తరువాత చాలమంది పట్టిరి. పంజాబు వాడైన టైగర్ జీత్‌సింగు కెనడా పోయి, జపానులో ఆంటోనియో ఇనోకీకి ఎదురుగ క్రూరుని వేషము కట్టి, కత్తి పట్టుకొని జనమును తరిమి పేరు పొందెను. అతని పేరుతో ఒంటారియో రాష్ట్రపు మిల్టన్ పట్టణమున 2010లో ఒక ప్రాథమిక పాఠశాల తెరచిరి. దుష్టపాత్రధారి పేరు బడికి పెట్టిన దేశము మెచ్చుకొనదగినదే. హిమాచలపు దలీప్‌సింగు రాణా, ఖలీ యను పేరుతో, 2007లో అమెరికాలో పెద్ద బిరుదు గెలిచి, తిరిగివచ్చి జలంధరులో శిక్షణశాల పెట్టెను. ఇవి వేరు కథలు.

ఢిల్లీలో కామన్‌వెల్త్ క్రీడలకొరకు కట్టిన కుస్తీ మందిరమునకు 2010లో జాధవ్ పేరు పెట్టిరి. ఖర్డేకర్‌గారి వంటి ఉపాధ్యాయుల పేరు గోడల కెక్కుట అరుదు. ఇక్కడి ఉన్నత పాఠశాలలలో వ్యాయామపు గంట నేటికిని గణితమునకో ఆంగ్లమునకో అప్పు పోవుచునే యున్నది. పదవ తరగతిలోనైతే అది కాలపట్టికలో మాత్రమే కనబడును. ఆ గంట మ్రోగునప్పుడు పిల్లలు గదిలోనే కూర్చుండి గత సంవత్సరపు ప్రశ్నలకు జవాబులు వ్రాయుచుందురు.